32 ఏళ్ళ ఉద్యోగం, 36 ఏళ్ళ పెన్షన్

1983 ఫిబ్రవరి. నాకు పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. తెనాలి తాలూకా ఆఫీసులో యూడీసీగా ఉన్న నాన్న ఒక సాయంత్రం మామూలు కన్నా ముందే ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి అప్పటికి నెల. మా ఇంట్లో ఓట్లన్నీ సైకిల్‌కే పడ్డాయి. ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసుని 58 నుంచి 55కి తగ్గిస్తూ ఆ ప్రభుత్వమే జీవో ఇచ్చింది. 55 దాటినవాళ్ళందరూ ఆ నెలాఖరుకి ఇంటికి వెళ్ళిపోవాలి. నాన్నకి 56. "ఇంకా ఇరవై రోజులుంది" అన్నారు అమ్మతో. "దేనికి?" అంది అమ్మ.

గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత వదులుకుని, దానికి బదులు ముందే ఒకేసారి తీసుకునే డబ్బు) కలిపి నాన్న చేతికి ఎంతొచ్చిందో నాకు గుర్తులేదు. ఎలా పోయిందో మాత్రం బాగా గుర్తుంది. సగం రెండో అక్క పెళ్ళికి, మిగతా సగం పెంకుటిల్లు తీయించి స్లాబు వేయడానికి. ఏడాది తిరక్కుండానే అయిపోయింది. నెల నెలా వచ్చే పెన్షన్ అయిదొందలు కూడా నిండేది కాదు. నాన్న ఒక రైసు మిల్లులో లెక్కలు రాయడానికి కుదిరారు. మొదటి రోజు మిల్లుకి కూడా ఆఫీసుకి వెళ్ళినట్టే ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి, సాయంత్రానికి తవుడు కొట్టుకుపోయి వచ్చారు.

మరుసటి ఏడాది వయసుని మళ్ళీ 58 చేశారు. కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి, తీర్పులొచ్చాయి. అదంతా తేలేసరికి నాన్నకి 58 దాటిపోయింది కాబట్టి తిరిగి వెళ్ళడానికి ఆయనకి కుర్చీ మిగల్లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ సెప్టెంబరుకి నాకు 58 నిండుతాయి. జీడిమెట్లలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. 1996 సెప్టెంబరులో చేరాను, అంటే రిటైర్మెంట్ నాటికి 30 ఏళ్ళు. కావాలంటే ఇంకో రెండేళ్ళు కన్సల్టెంట్‌గా ఉండొచ్చని యాజమాన్యం అంటోంది. ఉండాలా, మానేయాలా అని తేల్చుకోవడానికి ఒక ఆదివారం ఎక్సెల్ తెరిచి కూర్చుని, ఎందుకో ముందు నాన్న లెక్క వేశాను. 1951లో చేరి 1983లో దిగిపోయారు: 32 ఏళ్ళ ఉద్యోగం. 1994లో పోయారు, అంటే పెన్షన్ ఆయన తీసుకున్నది 11 ఏళ్ళు. ఆయనకన్నా ఎనిమిదేళ్ళు చిన్నదైన అమ్మ 2019 దాకా, 85 ఏళ్ళు బతికింది. ఫ్యామిలీ పెన్షన్ 25 ఏళ్ళు. రెండూ కలిపితే 36. ఉద్యోగం కన్నా పెన్షనే నాలుగేళ్ళు ఎక్కువ నడిచింది, అందులో మూడింట రెండు వంతులకు పైగా అమ్మే తీసుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ లెక్కలన్నీ చూసే నేను ఈ నాలుగు అంకెలు ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

మన ఇళ్ళలో రిటైర్మెంట్ గురించి మాట్లాడేటప్పుడు మాట ఎప్పుడూ మగవాడి చుట్టూనే తిరుగుతుంది. ఆయన ఆరోగ్యం ఎలా ఉంది, ఆయనకి తోచుతుందా, ఆయన పెన్షన్ ఆయనకి సరిపోతుందా. ఆయన ఎన్నేళ్ళు ఉంటారో మనసులో ఒక అంచనా వేసుకుని, మర్యాదకి పైకి అనకుండా, దాని ప్రకారం డబ్బు పంచుతారు. నేననేది, ఆ లెక్క మొదలే తప్పు. మన సంబంధాల్లో పెళ్ళికూతురు అయిదారేళ్ళు చిన్నదై ఉండటం మామూలు. ఆపైన ఆడవాళ్ళు సగటున మగవాళ్ళ కన్నా ఎక్కువకాలం బతుకుతారు. ఈ రెండూ కలిస్తే ఆ డబ్బుతో చివర్న పదేళ్ళో పదిహేనేళ్ళో ఒంటరిగా గడపాల్సింది ఆవిడ. అంటే రిటైర్మెంట్ డబ్బుకి అసలు సొంతదారు భార్య. మొదటి కొన్నేళ్ళు అందులో భర్త కూడా భాగస్తుడు.

తారుమారు కూడా కావచ్చు. ఆవిడే ముందు పోవచ్చు. దానివల్ల లెక్కకి నష్టం లేదు. ఆమె 85కి వేసిన లెక్కలో నా 75 ఇమిడిపోతుంది, నా 75కి వేసిన లెక్కలో ఆమె 85 ఇమడదు.

మా ఆవిడకి ఇప్పుడు 52 ఏళ్ళు. 85 నిండేది 2059లో. అంటే ఈ సెప్టెంబరులో చేతికొచ్చే డబ్బు 33 ఏళ్ళు నడవాలి. వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి సహస్ర చంద్ర దర్శనం అని చేస్తారు కదా, దాదాపు 81వ ఏట. మా అమ్మకి చేశాం. పక్క పీట మీద నాన్న లేరు. ఆ రోజు అమ్మ కట్టుకున్న పట్టుచీర ఆమె పెన్షన్ డబ్బుతో కొనుక్కున్నదే, మమ్మల్ని కొననివ్వలేదు.

ఇక నా లెక్క. పీఎఫ్‌లో సుమారు 46 లక్షలు. గ్రాట్యుటీ సూత్రం తెలిసిందే: ఆఖరి బేసిక్‌ని 26తో భాగించి 15తో హెచ్చించి, ఎన్నేళ్ళు చేస్తే అన్నేళ్ళతో హెచ్చించాలి. నా బేసిక్ 60,000, 30 ఏళ్ళకి 10 లక్షల 38 వేలు. మిగిలిన సెలవులకి వచ్చేది కలిపి మొత్తం 58 లక్షలు అనుకుందాం. నిజాంపేటలో ఫ్లాటు ఉంది, అప్పు తీరిపోయింది. ఇంటి ఖర్చు నెలకి 40,000 వేసుకున్నాను. సీనియర్ సిటిజెన్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 8.2 శాతం. 58 లక్షల మీద ఆ లెక్కన నెలకి 39,600 వస్తుంది.

ఇంకేం, సరిపోయింది! నిజంగానే నేను ఆ రోజు టీ పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని తాగాను.

ఆ స్కీములో ఒకరు 30 లక్షలకు మించి వేయకూడదన్నది చిన్న చిక్కు. అసలు చిక్కు వేరే. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్ళకి ఖర్చు రెట్టింపవుతుంది. పన్నెండేళ్ళ తర్వాత మా ఆవిడకి 64. అప్పటికి ఇంటి ఖర్చు 80,000, వడ్డీ మాత్రం అదే 39,600. 2059 నాటికి ఇప్పటి 40,000కి కొనే సరుకు కొనాలంటే రెండు లక్షల డెబ్బై వేలు కావాలి. ఈ అంకె చూసి భయపడి ఎక్సెల్ మూసేసేవాళ్ళు ఉంటారు. నేనూ మూశాను, రెండు రోజులు తెరవలేదు.

"అసలు నీకు పెన్షన్ వస్తుంది కదా" అన్నాడు మా బావ. వస్తుంది. ప్రైవేటు ఉద్యోగుల పెన్షన్, 1995 నాటి పథకం. దీని గురించి మా ఆఫీసులోనే సగం మందికి తప్పుడు లెక్క ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అందరూ వేసుకునేది ఇలా: జీతం పరిమితి 15,000, దాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగించడం. ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళకి రెండేళ్ళు బోనసు. నాకైతే 32 ఏళ్ళు, అంటే 6,857. కానీ 15,000 పరిమితి వచ్చింది 2014 సెప్టెంబరు 1 నుంచి. అంతకుముందు సర్వీసుకి పాత పరిమితి 6,500 చొప్పునే కడతారు. నా 30 ఏళ్ళలో 18 ఏళ్ళు పాత లెక్కలోకి, 12 ఏళ్ళు కొత్త లెక్కలోకి పోతాయి. ఎటు తిప్పినా 4,700 దాటదు. దాని మీద కరువు భత్యం లేదు. ఈ ఏడాది ఎంతో 2046లోనూ అంతే.

మా అత్తగారు రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో ఉంటారు. ఆవిడకి ఒకటో తారీఖున ఇంటికే వచ్చి వృద్ధాప్య పింఛను 4,000 ఇస్తారు, 2024 జూలై నుంచి. ముప్పై ఏళ్ళు నెల నెలా కట్టించుకున్న నా పెన్షన్ ఆవిడ పింఛను కన్నా ఏడొందలు ఎక్కువ. నేను పోతే మా ఆవిడకి వచ్చేది అందులో సగం, 2,300 చిల్లర. అత్తగారి ముందు ఈ మాట అనలేదు.

ఈ పెన్షన్‌ని 58కి మొదలుపెట్టుకోకుండా 60 దాకా ఆపితే ఏడాదికి నాలుగు శాతం చొప్పున పెంచి ఇస్తారు. నాకు నెలకి 380 దాకా పెరుగుతుంది. ఆ రెండేళ్ళూ వదులుకునేది లక్షా 12 వేలు. నెలకి 380తో లక్షా 12 వేలు రాబట్టుకోవాలంటే 24 ఏళ్ళకు పైనే, అంటే నాకు 84. అప్పటికి నేనున్నా లేకపోయినా ధరలుంటాయి. ఉద్యోగంలో కొనసాగినా సరే, ఈ పెన్షన్‌ని 58కే మొదలుపెట్టుకుంటాను. ముందే, 50 నుంచే తీసుకునే వీలు కూడా ఉంది, ఎంత ముందు తీసుకుంటే ఏడాదికి నాలుగు శాతం చొప్పున అంత కోత, అదీ జన్మంతా. చేతిలో పని ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ప్రభుత్వోద్యోగులు ఇదంతా చదివి "మాకీ బాధ లేదులే" అనుకోవచ్చు. సికింద్రాబాద్‌లో రైల్వేలో చేసి 60కి దిగిన నా స్నేహితుడు అదే అన్నాడు. వాడి బేసిక్ పెన్షన్ 50,000. అందులో 40 శాతం, అంటే 20,000 కమ్యూట్ చేశాడు. 60 నిండి దిగినవాళ్ళకి కేంద్ర పట్టికలో గుణకం 8.194, కాబట్టి చేతికి 19 లక్షల 66 వేలు వచ్చాయి. బదులుగా నెలకి 20,000 కోత, 15 ఏళ్ళు. మొత్తం కట్టేది 36 లక్షలు! వడ్డీ కట్టి చూస్తే సుమారు తొమ్మిది శాతానికి అప్పు తీసుకున్నట్టు. "మోసపోయాన్రా" అన్నాడు నేను ఈ లెక్క చెప్పగానే.

మోసం లేదు. వాడు లెక్క తన వైపు నుంచి చూస్తున్నాడు. వాడి భార్య వైపు నుంచి చూస్తే సంగతి వేరు. పెన్షనరు పోతే ఆ కోత అక్కడితో ఆగిపోతుంది, మిగిలిన వాయిదాలు ఎవరూ కట్టనక్కర్లేదు. ఫ్యామిలీ పెన్షన్‌ని ఆఖరి జీతం మీద కడతారు, కమ్యూట్ చేసినంత మేర తగ్గించరు. కరువు భత్యం కూడా కోతకు ముందున్న పూర్తి పెన్షన్ మీదే ఇస్తారు. అంటే అది అప్పు తీసుకున్నవాడితోనే తీరిపోయే అప్పు. అలాంటి అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. కాకపోతే ఆ 19 లక్షలు ఎక్కడున్నాయన్నదే ప్రశ్న. వాడి డబ్బు మేనల్లుడి ప్రీలాంచ్ ఫ్లాటులో ఉంది. పునాది గొయ్యి తవ్వి రెండు వర్షాకాలాలైంది. వాడి భార్యకి రేపు ఫ్యామిలీ పెన్షన్ బేసిక్ 30,000 ఉంటుంది, వాడు 67 లోపే పోతే మాత్రం మొదట కొంతకాలం పెంచిన రేటుతో. వాడికి 50,000 ఉన్నప్పుడు కట్టిన కరెంటు బిల్లే ఆవిడా కట్టాలి. ఈ తేడా కోసమే ఆ 19 లక్షలు ఉండాల్సింది.

ఇక్కడ నేను మనసు మార్చుకున్న విషయం ఒకటి చెప్పాలి. యాన్యుటీ అంటే నాకు పాతికేళ్ళుగా చిన్నచూపు. మన డబ్బంతా బీమా కంపెనీకి ఇచ్చేసి, వాళ్ళు ఏడు శాతం అటూ ఇటూగా నెల నెలా మన చేతిలో పెడుతుంటే పుచ్చుకోవడం ఏం తెలివి అని ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. బ్యాంకులో వేసుకుంటే అంతే వస్తుంది, అసలు కూడా మన దగ్గరే ఉంటుంది అని. లెక్కగా అది ఇప్పటికీ నిజమే. కానీ అసలు మన దగ్గర ఉండటమే అసలు ప్రమాదమని నాన్న డబ్బు చెబుతోంది.

1983లో నాన్న చేతికి మొత్తంగా వచ్చిన ప్రతి రూపాయినీ ఎవరో ఒకరు అడిగారు. దొంగలెవరూ కారు, అందరూ మావాళ్ళే, అడిగినవన్నీ న్యాయమైన అవసరాలే. పెన్షన్‌ని మాత్రం ఎవరూ అడగలేకపోయారు. ముప్పై ఏళ్ళ పెన్షన్ ఒకేసారి ఇమ్మని ట్రెజరీని ఎవరూ అడగలేరు కాబట్టి. 1994 తర్వాత అమ్మ దగ్గర బంగారం లేదు, డిపాజిట్టు లేదు, నెలకి ఒకసారి వచ్చే ఆ డబ్బొకటే ఉండేది. కరువు భత్యం పెరుగుతూ, పీఆర్సీలు వస్తూ ఆఖరికి పదివేలు దాటింది. ఏటా ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ కోసం సబ్ ట్రెజరీకి వెళ్ళేటప్పుడు జడలో పువ్వు లేదన్నమాటే గాని పెళ్ళికి వెళ్ళినట్టు తయారయ్యేది. మా ఇంటికొస్తే మనవళ్ళకి ఆమె ఇచ్చే యాభై రూపాయల నోటుకి ఒక హోదా ఉండేది. మా అన్నయ్యకి ఒకసారి ఆపరేషన్ ఖర్చుకి తక్కువైతే అమ్మే సర్దింది, నెలకి వెయ్యి చొప్పున వెనక్కి వసూలు చేసుకుంది కూడా.

కాబట్టి యాన్యుటీలో కొనేది వడ్డీ కాదు. "నా దగ్గర లేదు నాయనా" అని అబద్ధం లేకుండా చెప్పగలగడం. ధరలతో పాటు పెరగదు కాబట్టి మొత్తం అందులో పోయకూడదు. కొంత పోయాలి. పోసేటప్పుడు ఇద్దరి పేరా తీసుకోవాలి, ఒకరు పోయినా రెండోవారికి నూరు శాతం వచ్చే రకం. ఒక్కరి పేరున తీసుకుంటే నెలకి కొన్ని వందలు ఎక్కువ వస్తాయని ఏజెంటు చెబుతాడు. ఆ కొన్ని వందలు ఎక్కడ్నుంచి వస్తున్నాయో ఆలోచిస్తే ఇంటికొచ్చి భార్య మొహం చూడలేం.

(2004 తర్వాత చేరిన ప్రభుత్వోద్యోగుల్లో చాలామందిది ఎన్‌పీఎస్ అనే కొత్త పెన్షన్ పథకం కింద మధ్యస్థం బతుకు: రిటైరయ్యే రోజున, పోగైన డబ్బులో 60 శాతం చేతికి, కనీసం 40 శాతం యాన్యుటీకి. కేంద్రంలో 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన యూపీఎస్ అనే ఇంకో పథకంలో పాతికేళ్ళ సర్వీసుకి ఆఖరి పన్నెండు నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్, పెన్షనరు పోతే భార్యకో భర్తకో అందులో 60 శాతం. ఎన్‌పీఎస్సా, యూపీఎస్సా అని మా మేనకోడలు అడిగితే, ముందు మీ ఇద్దరి వయసుల తేడా చెప్పు అన్నాను. "అదేం ప్రశ్న మావయ్యా" అని నవ్వింది.)

రెండేళ్ళ సంగతికొద్దాం. రిటైర్మెంట్ వయసు మీద మనకి నమ్మకం ఎందుకుండాలో నాకు అర్థం కాదు. నా ఎరికలోనే అది 55, 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022 జనవరి నుంచి 62. తెలంగాణలో 2021లో ఒక్కసారిగా 58 నుంచి 61. కృష్ణకి అటూ ఇటూ మోకాళ్ళు ఒక్కలాగే నొప్పి పెడతాయి, జీవోలు మాత్రం వేరు. నాకు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో 58 అని ఉంది, అదీ టైపు మిషన్ మీద ఎవరో కొట్టిన అంకె.

ఇంకో రెండేళ్ళు ఉంటే కన్సల్టెంట్‌గా నెలకి 55,000 ఇస్తామన్నారు. దానితో ఇల్లు గడిచిపోతుంది. 58 లక్షల జోలికి పోకుండా ఉంటే పన్నులు పోను ఏడు శాతం వేసుకున్నా రెండేళ్ళకి 66 లక్షలు దాటుతుంది. (పీఎఫ్ రిటైరయ్యాక కూడా మూడేళ్ళ దాకా అక్కడే ఉంచుకోవచ్చు, వడ్డీ పడుతుంది, కాకపోతే ఉద్యోగం మానాక పడే వడ్డీకి పన్ను కట్టాలి. అది చాలామంది రిటర్నులో చూపించరు.) రెండేళ్ళు తక్కువ తినడం, ఎనిమిది లక్షలు పెరగడం: మా ఆవిడ చివరి సంవత్సరాల నుంచి చూస్తే ఇది చిన్న విషయం కాదు. తోచడం, తోచకపోవడం అనే మాట నేను లెక్కలోకి తీసుకోను. తోచకపోతే గుడిమెట్ల మీద కూర్చోవచ్చు, దానికి కన్సల్టెన్సీ ఎందుకు.

అవతలి వైపు కూడా ఉంది. నాన్నని 55 జీవో ఇంటికి పంపిందని ఏడ్చాం గాని, ఆయనకి దక్కిందే 11 ఏళ్ళు. రైసు మిల్లులో రెండేళ్ళు చేసి మానేశాక రోజూ కాలువ గట్టు మీద నడిచేవారు, నాకు లెక్కలు చెప్పేవారు. నా డిగ్రీ అయ్యేదాకా నాకు ఇంట్లో దొరికిన నాన్న ఆ జీవో పుణ్యమే. రెండేళ్ళు డబ్బుకోసం ఆఫీసుకి అమ్ముతున్నానంటే, అమ్ముతున్నవి నా మంచి మోకాళ్ళున్న ఆఖరి రెండేళ్ళని తెలిసే అమ్మాలి. వారానికి నాలుగు రోజులైతే వస్తానని చెప్పాను. జీతంలో కొంచెం తగ్గించుకోమన్నారు. తగ్గించుకుంటాను.

ఈ రెండేళ్ళలో ఇంకో పని ఉంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా నేను దిగిన రోజే పోతుంది. డెబ్బై నిండితే ఆయుష్మాన్ భారత్‌లో ఏటా అయిదు లక్షల దాకా వైద్యం ఉంది, 2024 అక్టోబరు నుంచి. నాకు డెబ్బై రావడానికి పన్నెండేళ్ళు, మా ఆవిడకి పద్దెనిమిది. మధ్యలో ఉన్నదంతా గాలిలో దీపం. సొంతంగా పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న బీపీ, షుగరు లాంటి వాటికి గరిష్ఠంగా మూడేళ్ళు ఆగమనే హక్కు కంపెనీలకి ఉంది. అందుకే రిటైరయ్యాక కొనకూడదు, కంపెనీ బీమా నడుస్తుండగానే కొని ఆ మూడేళ్ళు గడిపేయాలి. నేను 55కే కొనాల్సింది, ఇప్పుడు కొన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిమీద జీఎస్టీ తీసేశారన్నది ఒక్కటే ఓదార్పు.

60వ ఏట 66 లక్షలుంటే ఎలా పంచాలనుకున్నానో చెప్పేస్తాను, ఎవరికీ సలహాగా కాదు. 25 లక్షలు సీనియర్ సిటిజెన్ స్కీములో, మా ఆవిడతో జాయింటుగా: నెలకి 17,000. 15 లక్షలు ఇద్దరి పేరా యాన్యుటీ: ఎనిమిది వేల చిల్లర. నా పెన్షన్ 4,700. ఇవి కాక 8,000 అద్దె వస్తుంది, తెనాలి ఇంటి మీద. అక్కలకి, అన్నయ్యకి వాళ్ళ వాటా డబ్బిచ్చి ఆ ఇల్లు నేనుంచుకున్నాను. అంటే నాన్న 1983లో కమ్యూటేషన్ డబ్బు పోసి వేయించిన స్లాబు కిందే ఇప్పుడు అద్దెకున్నవాళ్ళు ఉంటున్నారు. పైన చేతికొచ్చిన డబ్బంతా ఆవిరైందన్నట్టు రాశాను కదా, ఆ మాట పూర్తిగా నిజం కాదన్నమాట. అక్క పెళ్ళి సంగతి అక్కనడగాలి.

మిగిలినవాటిలో 16 లక్షలు మా ఆవిడ పేరున మ్యూచువల్ ఫండ్లలో, ఆమెకి 65 వచ్చేదాకా ముట్టకూడని డబ్బుగా. దాని మీద వచ్చే ఆదాయాన్ని క్లబ్బింగ్ కింద నా లెక్కలోనే చూపించాలి, పన్ను నేనే కట్టాలి. కడతాను. ధరలతో పాటు పరిగెత్తగలిగేది ఈ మూటలో ఇదొక్కటే, ఎగుడుదిగుళ్ళు తట్టుకోవడానికి దానికి పదేళ్ళకు పైగా సమయం ఉంది. పది లక్షలు అమ్మాయి పెళ్ళికి. పది అంటే పదే. మా అన్నయ్య ఫోన్ చేసి "అదేంటిరా, ఒక్కగానొక్క కూతురు, రిటైర్మెంట్ డబ్బు ఉంచుకుని ఏం చేస్తావ్" అన్నాడు. వదినకి ఫోనివ్వమన్నాను. వదిన వయసు 58, అన్నయ్యది 66. వదినతో మాట్లాడాక మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు.

ఇవన్నీ ప్రింటు తీసి మా ఆవిడ ముందు పెట్టాను. మొదట "ఇప్పుడెందుకండీ ఆ మాటలు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూడో రోజు తనే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. 40,000 అన్న అంకె దగ్గర ఆగి, "ఇదెవరిల్లు?" అంది. పెన్ను తీసుకుని పక్కన రాసుకుంటూ పోయింది: వాళ్ళమ్మకి నెల నెలా పంపే 3,000, పెళ్ళిళ్ళకి గృహప్రవేశాలకి చదివింపులు, పనమ్మాయి, అపార్టుమెంటు మెయింటెనెన్సు, సంక్రాంతికి ఊరు వెళ్ళొచ్చే ఖర్చు. 47,000 తేలింది. ముప్పై ఏళ్ళు కంపెనీ ఖర్చుల ఖాతా రాసినవాణ్ణి, నా ఇంటి ఖర్చు ఏడువేలు తక్కువ రాశాను. ఆ రెండేళ్ళు పనిచేయాలన్న నిర్ణయం నిజానికి అక్కడే అయిపోయింది.

తర్వాత కాగితం తిరగేసి అడిగింది. "నా 85కి లెక్క వేశారు, బాగానే ఉంది. ఆ రోజు నన్ను బ్యాంకుకి ఎవరు తీసుకెళ్తారు?"

అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి రేపెక్కడుంటుందో తెలియదు. అమ్మనైతే మేం ఎవరమో ఒకరం ట్రెజరీకి తీసుకెళ్ళేవాళ్ళం. మా ఆవిడకి ఏ బ్యాంకులో ఏ ఖాతా ఉందో చూచాయగా తెలుసు, పాస్‌వర్డ్ ఒక్కటీ తెలియదు, చెక్కు రాసి ఇరవై ఏళ్ళైంది. తప్పు ఆమెది కాదు, పెళ్ళైన రోజు నుంచి "నేను చూసుకుంటాను" అన్నవాణ్ణి నేనే.

మొన్న శనివారం పోస్టాఫీసుకి తనే లోపలికి వెళ్ళింది, తన పొదుపు ఖాతాలో డబ్బు వేయడానికి. నేను బయట బండి మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు లేవబోయి కూర్చున్నాను. రసీదు తెచ్చింది గాని పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించడం మర్చిపోయింది. లోపలికెళ్ళి వేయించుకొస్తానంటే వద్దంది. సోమవారం తనే ఆటోలో వెళ్తానంది.